పెట్టెలో దాచిన ఆట సామాను

నేను తాండూరు పక్క ఊళ్లో అంగన్‌వాడీ ఆయాను. చదివింది మూడో తరగతి. అన్నం వండడం, గది ఊడవడం, పిల్లల ముక్కులు తుడవడం నా పని. కథలు కూడా చెప్పేదాన్ని, పిల్లలు నా కొంగు వదిలేవారు కాదు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే తల ఎత్తబుద్ధి కాదు.

సర్కారు ఇచ్చిన చెక్క దిమ్మెలు, పూసలు, బొమ్మలు మా దగ్గర రేకు పెట్టెలో ఉండేవి. విరిగితే మాట పడాలని టీచరమ్మకు భయం, నాకు ఇంకా భయం. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చే రోజు చాప మీద పరిచేవాళ్లం, ఆమె పోగానే లోపల పెట్టి తాళం వేసేవాళ్లం. పిల్లలు చేయి చాపితే, "ముట్టొద్దు! పలిగితే మీ అవ్వ తెచ్చిస్తదా?" అని గదిమేది నేనే.

నాపరాతి బండలు పాలిష్ చేసే మిషన్‌లో పనిచేసే ఒకామె తన నాలుగేళ్ల బిడ్డను మా దగ్గర విడిచిపెట్టేది. ఒకనాడు తెరిచి ఉన్న పెట్టెలోంచి ఆ పిల్ల ఎర్ర దిమ్మె తీసింది. చేతి మీద ఒక్కటేశాను. గట్టిగా వేయలేదులే అనుకున్నాను.

తర్వాత మేడమ్ పిల్లల ఎదుగుదల చూడడానికి వచ్చారు. ఆ పిల్ల ముందు దిమ్మెలు పెట్టి, "ఒకదాని మీద ఒకటి పెట్టు, బంగారం" అన్నారు. పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. ఎర్రదేదని అడిగితే నోరు విప్పకుండా నా వైపే చూసింది. మేడమ్ ఏదో రాసుకున్నారు. తల్లిని పిలిపించి, "తెలివి జర లేటుగ వచ్చేటట్టుంది. వికారాబాద్ పెద్ద దవాఖానల చూపియ్యమ్మా" అన్నారు. రాతి పొడి అంటిన ముఖంతో ఆ తల్లి అట్లాగే నిలబడిపోయింది. నేను గిన్నెలు తోముతూ నోరు మూసుకున్నాను.

రెండు రోజులకు ఆమె పిల్లను చంకనేసుకుని వికారాబాద్ బస్సుకు పోతూ మా గడపలో ఆగింది.

"ఆయమ్మా, దినమంత నీ కాడనే ఉంటది గద. నువ్వు చెప్పు, నా బిడ్డ మంచిగ లేదా?"

ఇక ఆగలేకపోయాను. "మంచిగుంది బిడ్డా. ముట్టినందుకు నేనే కొట్టిన. గందుకే భయపడ్డది."

"మరి మేడమ్ ముంగట ఎందుకు చెప్పలే?"

"కొలువు పోతదని."

ఆమె బిడ్డను దగ్గరకు అదుముకుంది. "రెండు దినాల సంది ఇది చెప్పు, అది చెప్పు అని దీన్ని సతాయిస్తున్నం. చెప్తలేదని నిన్న నేను గూడ కొట్టిన, ఆయమ్మా."

నేను పిల్ల చేతి వైపు చూశాను.

"మేడమ్‌కు ఫోన్ చెయ్యి. నేనుండంగనే చెప్పు" అంది తల్లి.

టీచరమ్మ ఫోన్ కలిపి ఇచ్చింది. అంతా చెప్పాను. "రేపొస్త. పిల్లను మళ్ల చూస్త" అన్నారు మేడమ్.

"రేపు పక్కన నేను కూసుంట" అంది తల్లి. నేను అలవాటుగా చేతులు చాపాను. ఆమె పిల్లను నాకు ఇవ్వలేదు. చంకనే పెట్టుకుని, బస్సుకు కాక, మిషన్ల దుమ్ములోకి, పనికి పోయింది.