చిన్న పీతకు ఎర్ర టోపీ

ఆ రోజు మధ్యాహ్నం నేను పిల్లల దగ్గర దొంగతనం చేశాను. ఈ వాక్యంలో మొదట 'పొరపాటు' అని రాసి కొట్టేశాను. చెయ్యి జారితే పొరపాటు. నా చెయ్యి జారలేదు. మౌసు మీదున్న వేలు ఏం చేయబోతోందో నాకు తెలుసు. ఎవరి సొత్తు తీసుకుంటున్నానో కూడా తెలుసు. వాళ్ళు చెక్క అడ్డానికి అవతలే కూర్చుని ఉన్నారు, వాళ్ళ కేరింతలు నా చెవిలో పడుతూనే ఉన్నాయి.

అప్పట్లో నేను వన్ టౌన్‌లో ఓడ సరుకుల క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాని. పెళ్ళయి, ముప్పై దాటి, నెత్తిన జుట్టు పలచబడుతున్న మనిషిని. పోర్టు నుంచి కాగితాలు తిరిగి వచ్చేదాకా మధ్యాహ్నాలు పనుండేది కాదు. మా సందు మలుపులో, టోకు పప్పుల దుకాణం మేడ మీద, ఒక నెట్ సెంటరు ఉండేది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళైనా మా వైపు ఇళ్ళల్లో ఇంకా కంప్యూటర్లు రాలేదు. సెంటరులో ముందు వరస పిల్లలకి, ఓనరు కళ్ళెదుట. వెనక వరస పెద్దలకి, ప్లైవుడ్ చెక్కలు కొట్టి, ముందు తెరలు కట్టి. పెద్దవాళ్ళకి చాటు కావాలని ఎవరూ అడక్కుండానే అందరూ ఒప్పుకున్న ఏర్పాటు అది. ఆ చాటులో మేం చేసిన పని చెబితే మొదట నవ్వొస్తుంది. మేం పిల్లల ఆట ఆడేవాళ్ళం.

నేను బావా అని పిలిచే స్నేహితుడొకడు ఉండేవాడు. చుట్టం కాడు, చిన్నప్పటి నుంచి పిలుపు అది. స్టీల్‌ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి, తిన్నగా సెంటరుకి వచ్చేవాడు. ముందు వరస పిల్లల భుజాల మీంచి తొంగి చూసి ఆ ఆట పట్టుకొచ్చింది వాడే. అది పిల్లల కోసమని మొదటి పేజీలోనే రంగు రంగుల అక్షరాల్లో ఉండేది. వయసు అడిగితే మేం పదేళ్ళని కొట్టేవాళ్ళం. ఆడేవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక దీవి, ఒక బొమ్మ జంతువు. నాది పీత. దాని పేరు చిన్న పీత. చుట్టూ ఉన్న నీళ్ళలో వల వేసి చేపలు పట్టాలి. చిన్న చేపల్ని ఎవరికి వాళ్ళే లాక్కోవచ్చు. పెద్ద చేప పడితే మిగతా ఆటగాళ్ళు వచ్చి తాడు పట్టుకోవాలి. వల ఎవరిదైతే బుట్ట వాళ్ళది. దానికి తాళం వేసుకోవచ్చు, తెరిచి ఉంచితే తాడు పట్టినవాళ్ళెవరైనా అందులోంచి తీసుకోవచ్చు.

బావకి చేపల కన్నా పిల్లలే సరదా. మాటలు రాసుకునే గడిలో తనూ పిల్లవాడిలా రాసేవాడు. మీ దీవికి దొంగలొస్తున్నారు, నీ కుక్కపిల్లని నా దగ్గర దాచు అనేవాడు. ఎవరో పసివాడు నమ్మి ఇచ్చేవాడు, బావ ఇక తిరిగి ఇచ్చేవాడు కాదు. అవతల పిల్లవాడు బతిమాలుతూ రాసిన మాటల్ని ఏడుపు గొంతు పెట్టి మాకు చదివి వినిపించేవాడు. టీ గ్లాసులు పట్టుకుని, చెమట చొక్కాలతో, సమోసా నూనె అంటిన వేళ్ళతో, మేం పక్క పక్క గదుల్లోంచి పగలబడి నవ్వేవాళ్ళం. ఎదిగిన మగవాళ్ళం. ఇంటికి కూరగాయలు పట్టుకెళ్ళే వాళ్ళం, ఆఫీసులో సంతకాలు పెట్టే వాళ్ళం. ఆ నవ్వుల్లో నా నవ్వు కూడా ఉంది.

ముందు వరసలో వేసవి సెలవులకి వచ్చే పిల్లల గుంపు ఒకటి ఉండేది. అందరూ చేపల రేవు పక్క నుంచి వచ్చేవాళ్ళు, సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలు. వాళ్ళలో ఒక అమ్మాయి గబగబా టైపు చేస్తుందని కుర్చీ తనకే ఇచ్చేవారు. మిగతావాళ్ళు చుట్టూ మూగేవారు. వల ఆ అమ్మాయిది, తాడు అందరిదీ. బుట్ట నిండితే ఆటలో ఒక పడవ వస్తుంది, అందులో గుంపంతా ఇంకో దీవికి వెళ్ళొచ్చు. సెలవులు మొదలైన దగ్గర నుంచి ఆ పడవ కోసమే వాళ్ళు లాగుతున్నారు.

ఆ అమ్మాయి బుట్టకి ఎప్పుడూ తాళం వేసేది కాదు. ఎందుకు వెయ్యదో నాకు తెలుసు. వాళ్ళ ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ ఇన్ని చేపలిస్తారు. బడికి పోయే పిల్లలు పోతూ పోతూ కాసేపు లాగినా సరే. అడగక్కర్లేదు, వల విప్పగానే ఎవరి వాటా వాళ్ళు తీసుకోవడమే. ఎక్కువ ఎవరూ తియ్యరు. ఆ అమ్మాయి ఆ పద్ధతినే తెచ్చి ఆటలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళ వలలో పెద్ద నీలం చేప పడింది. తెర మీద పిలుపు వచ్చింది, రండి రండి తాడట్టుకోండి అని. నా చిన్న పీత వెళ్ళి తాడు పట్టుకుంది. అందరితో పాటు నేనూ లాగాను. చేప పైకి వచ్చేసరికి తెర మీద పిల్లలంతా గెంతారు, అదే క్షణంలో చెక్క అవతల కేరింతలు వినిపించాయి. బుట్ట నిండింది. అది తెరిచే ఉంది.

బావ నా గదిలోకి వంగి చూశాడు. "ఎర్రి గుంట, తాళం ఎయ్యలేదు బావా! నొక్కీ. మొత్తం నొక్కీ."

నొక్కాను. నీలం చేపతో సహా బుట్టంతా నా దీవికి వచ్చేసింది. అవతల కేరింతలు ఆగిపోయాయి. ఆగాక కూడా నేను లేవలేదు. ఆ చేపలన్నీ ఆట బజారులో అమ్మేసి, నా పీతకి ఒక ఎర్ర టోపీ కొన్నాను.

"టోపీ బాగుంది బావా, పెల్లికొడుకులాగున్నాది నీ పీత," అని బావ నా వీపు చరిచాడు.

అవతల అప్పటికే గొడవ మొదలైంది. ఒక పిల్లవాడు అంటున్నాడు, "ఎవులే ఆ సిన్న పీత? నీ సుట్టవా?"

"నాకు తెల్దు!"

"తెలకపోతే బుట్టెందుకు ఇప్పినావు? అది నువ్వే. ఇంకో పేరెట్టుకొని నువ్వే తీసీసినావు. మా వాటా తినేసినావు."

"తల్లి మీద ఒట్టు, నాను కాదు!"

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, మెట్ల మీద పరిగెత్తుతున్న అడుగులు. తెర కాస్త పక్కకి లాగి, ఖాళీ కుర్చీ చూసి, మళ్ళీ తెర వేసుకున్నాను.

మర్నాటి నుంచి పిల్లలు వస్తూనే ఉన్నారు, ఆ అమ్మాయి రాలేదు. రెండో మూడో రోజున అనుకుంటాను, ఆఫీసు నుంచి వస్తూ సందు మొదట్లో చేపలమ్మే ఆవిడ దగ్గర ఆగాను. మా ఇంటికి ఎప్పుడూ చేపలు అక్కడే. ఆ రోజు ఆవిడ బేరమాడలేదు.

"ఏటప్పా, ఒంట్లో బాగులేదేటి?" అన్నాను.

"నాకేటి బాబూ, రాయిలాగున్నాను. మా గుంటే తిండి మానీసింది. మీ సందులోనే ఆ కంపూటర్ల కొట్టు లేదూ, అక్కడ పిల్లలందరి వాటా ఇది తినేసినాదంట. బొమ్మ సేపలంట, నాకేటి తెలుస్తాది? ఒడ్డుకెల్తే తాడట్టుకోనివ్వట్లేదు. నిన్న దాని మావ గూడా అడిగీసినాడు, నిజివేనేటే అని. బొమ్మ సేపో మంచి సేపో, వాటా తిన్నాదన్న మాట మా ఇల్లల్లో పడకూడదు బాబూ. ఆడపిల్ల. రేపు ముసల్దైనా ఆ మాట దాని యెనకాలే వత్తాది."

నేను బేసిన్‌లోకే చూస్తున్నాను.

"మీకు సదువుంది గదా," అంది ఆవిడ. "ఆ కంపూటర్లో ఓపాలి సూసి సెప్పండి బాబూ. మా పిల్ల తీసినాదా, తియ్యలేదా?"

చూస్తానన్నాను. నోరు తెరిచి ఆ మాటే అన్నాను. ఆవిడ నా సంచీలో కవళ్ళ చేపలు వేసి, వద్దంటున్నా పైన ఇంకో గుప్పెడు వేసింది. నా భార్య వాటిని పులుసు పెట్టింది. కూర్చుని తిన్నాను. బాగుందని కూడా అన్నాను. టోపీ కొన్నప్పటి కన్నా, ఆ రాత్రి చేతివేళ్ళకి అంటిన వాసన పోవడం లేదని సబ్బుతో రుద్దుకుంటున్నప్పుడు నన్ను నేను ఎక్కువ అసహ్యించుకున్నాను.

మర్నాడు సెంటరు మెట్ల దగ్గర బావకి చెప్పాను, పిల్లలకి నిజం చెప్పేస్తానని.

"నీకేటి పట్టింది బావా? అయి బొమ్మలు. ఆటలో ఓడిపోతే పిల్లోల్లు ఏడవరేటి?"

"ఆ పిల్ల ఓడిపోలేదు."

"సెప్పు మరి. రేపట్నించి ఈదిలో కుక్కలు గూడా టోపీ గుమస్తా అంటాయి నిన్ను. నా పేరు మాత్రం ఎత్తకు."

ఆ ఒక్క మాటకి ఒప్పుకున్నాను. అది కూడా నా లెక్కలోనే వేసుకోవాలి. పిల్లల ముందు వాడి పేరు ఎత్తలేదు.

చేపలావిడని కూతుర్ని తీసుకుని పైకి రమ్మన్నాను. ముందు వరసలో, పిల్లల మధ్య నిలబడి, వాళ్ళ కంప్యూటరులోనే నా ఆట తెరిచాను. ఎర్ర టోపీతో పీత వచ్చింది.

"ఇది నేనే," అన్నాను. "బుట్ట తీసింది నేను. ఈ పిల్ల తియ్యలేదు."

ఒక పిల్లవాడు నా బట్టతల వైపు చూసి, "ఓలమ్మో, సిన్న పీతంట! మా తాతలాగున్నాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఓనరు కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. తల్లి నవ్వలేదు. తన చేతుల వైపు చూసుకుంది. నిన్న నాకు వేసిన గుప్పెడు ఆవిడకి గుర్తొచ్చి ఉంటుంది.

అమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు. "ఇక్కడ సెప్తే ఏటి లాబం?" అంది. "అక్కడ సెప్పు. ఒడ్డున సెప్పు. మా మావకి సెప్పు."

చేపలు తిరిగి రావు, బజారులో పోయాయి. మళ్ళీ పట్టడానికి తాడు లాగిపెడతానన్నాను. "మా తాడు నువ్వు ముట్టకు," అంది. ఆ మాట సబబే. అక్కడే ఆ పీతని ఆటలోంచి తీసేశాను. నాకు అక్కడ ఉండే పనే లేదు, మొదటి రోజు నుంచీ.

పిల్లలు దిగాక ఓనరుతో వెనక గదుల సంగతంతా చెప్పాను. ఈసారి బావ పేరూ చెప్పాను. తెరలు తీసేసి, పెద్దల కంప్యూటర్లన్నీ తన కుర్చీ వైపు తిప్పమన్నాను. "పెద్దోల్లు మానేత్తే నాను కొట్టు మూసుకోవాల బాబూ," అన్నాడు. అయితే పిల్లల ఇళ్ళకి నేనే వెళ్ళి చెప్తానన్నాను. రెండు రోజులు గొణిగి, తెరలు తీశాడు. బావ నాతో మాట మానేశాడు. ఇప్పటికీ లేదు.

ఆదివారం పొద్దున్న ఒడ్డుకి వెళ్ళాను. వల నీళ్ళలో ఉంది, జనం రెండు తాళ్ళ మీదా వంగి ఉన్నారు. ఆ అమ్మాయి దూరంగా ఇసకలో నిలబడి ఉంది. వాళ్ళ మావయ్య ఎవరో తల్లి చూపించింది. అందరికీ వినపడేట్టు చెప్పాను. ఆయనకి ఆట సగమే అర్థమైంది, దొంగతనం పూర్తిగా అర్థమైంది.

"సిన్నపిల్లల బుట్టలో సెయ్యెట్టినావా? నీకు పిల్లల్లేరా బాబూ?" అన్నాడు.

ఆయన తాడు వదలకుండానే తల తిప్పి, "ఓలే, రాయే, తాడట్టుకో," అని మేనకోడల్ని కేకేశాడు. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. పక్కనున్న పిల్లలు జరిగి చోటిచ్చారు. తర్వాత ఆయన నా వైపు చూసి, "ఊరికే నిలబడతావేటి, నువ్వూ అట్టుకో," అన్నాడు. చివర్న పట్టుకున్నాను. అలవాటు లేని అరచేతులు మండిపోయాయి. పిల్లలు, "టోపీ ఏదిరా పీతా?" అని వల ఒడ్డుకొచ్చేదాకా ఏడిపిస్తూనే ఉన్నారు.

వల విప్పాక పిల్లల చేత వాటాలు పంచించారు. నేను వెనక్కి జరిగి వెళ్ళిపోబోతుంటే ఎవరో కుర్రాడు, "ఆడికెందుకే?" అన్నాడు.

"తాడట్టుకున్నాడు గదా," అంది ఆ అమ్మాయి. నా మొహం చూడలేదు. అందరికీ ఇచ్చినన్నే నా సంచీలో వేసి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి సంచీ వంటింటి గట్టు మీద పెట్టాను. నా భార్య కత్తిపీట తీయబోతుంటే ఆగమన్నాను. ఈ చేపలు ఎలా వచ్చాయో, అంతకు ముందు పులుసు పెట్టినవి ఎలా వచ్చాయో, మధ్యాహ్నాలు నేను ఎక్కడ కూర్చున్నానో, అన్నీ వరసగా చెప్పాను. ఆమె చివరిదాకా విని, సంచీ నా చేతిలోనే పెట్టింది. ఆ రోజు చేపలు నేనే కడిగాను.