తడిగుడ్డ థర్మామీటరు

2023 జూన్. చింతామణి తాలూకాలో, కెంచార్లహళ్ళి దారిలో ఉన్న ఒక సర్కారీ ప్రౌఢశాల, అంటే హైస్కూలు. నేను అక్కడ సైన్సు టీచర్ని. పిల్లలకు ఇంట్లో తెలుగు, పుస్తకంలో కన్నడం. నాకు రెండూ వచ్చు కాబట్టి బండి నడిచిపోయేది. ఆ ఏడాది ఎవరో దాతలు మా బడికి స్మార్ట్ క్లాస్ ఇచ్చారు. అంటే గోడకు తెల్లటి తెర, పైన ప్రొజెక్టరు, నాలుగు టాబ్లెట్లు, వాటి నిండా వీడియో పాఠాలు. నన్ను పట్టేవాళ్ళు లేరు. ఇక గొంతు చించుకునే పని తప్పిందని తెగ సంబరపడ్డాను.

తొమ్మిదో తరగతిలో నాగవేణి అనే అమ్మాయి ఉండేది. హాజరు పుస్తకంలో ఆమె వరుస చూస్తే ఒళ్ళు మండేది, వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మకు ఫోన్ చేశాను.

"పురుగు నాలుగో జ్వరం లేసినాది మేడమ్. ఇంక తినేదే తినేది. ఆకు వేసేదానికి పాప లేకుంటే యాడ అవుతాది?" అంది.

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండిపోతుంది. రైతులు దాన్నే జ్వరం అంటారు. నాలుగోది దాటితే గూడు కట్టేదాకా ఇంటిల్లిపాదికీ నడుము వాల్చే తీరిక ఉండదు. అది నాకూ తెలుసు. ఆ తర్వాత ఆమె అన్న మాటే గుచ్చుకుంది.

"ఈ ఏడు అయితే బడి నిలిపేస్తామమ్మా. దానికి అర్థమయ్యేది ఏముండాది ఆడ? ఊరికే కూర్సోనొస్తాది."

కాదని వాదించలేకపోయాను. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పగా నేను కూడా ఎప్పుడూ చూడలేదు.

దీనికి మందు నా చేతిలోనే ఉందనుకున్నాను. రోజుకో వీడియో పాఠం వాళ్ళమ్మ ఫోనుకు పంపాను. చూసినట్టు నీలం గుర్తులు పడేవి. హెడ్‌మాస్టరు ముందు గొప్పలు కూడా పోయాను. పన్నెండు రోజుల తర్వాత నాగవేణి బడికి వచ్చింది. "నీళ్ళు ఆవిరైతే చల్లబడుతుంది కదా, ఎందుకు?" అని అడిగాను. తల వంచుకుంది.

"వీడియో చూశావా లేదా?" కోపం ఆపుకోలేక కసిరాను.

"సూసినాను మిస్. నిలిపితే నిలుస్తాది. అడిగితే పలకదు."

నాకు రోషం వచ్చింది. తర్వాతి పట్టుపురుగుల పంట రోజుల్లో, ఎండ మండిపోతున్న ఒక శనివారం బడి వదలగానే టాబ్లెట్ సంచిలో పెట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను. పెరట్లో రేరింగ్ హౌస్, అంటే పురుగులు పెంచే ఇల్లు. వాకిట్లో కాలు పెట్టబోతుంటే వెంకటలక్ష్మమ్మ పరుగున వచ్చింది.

"ఆడ్నే నిలబడమ్మా! మల్లెపూలు పెట్టుకోని లోపలికి వస్తారా? పురుగు ఓర్సుకోదు."

మొగ్గల దండ తీసి బయట కొమ్మకు తగిలించాను. చెప్పులు విడిచి, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, దొంగలా లోపలికి వెళ్ళాను. గోడకు రెండు థర్మామీటర్లు, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంది. నాగవేణి రెండూ చూసి, పక్కన అంటించిన పట్టిక మీద వేలు జరిపి, "తేమ తగ్గినాదమ్మా, వాకిలికి గోనెపట్టలు తడిపి కట్టల్ల" అని గట్టిగా చెప్పింది. వాళ్ళమ్మ మారుమాట లేకుండా బకెట్ తీసుకుంది.

నేను మెల్లగా అడిగాను. "గుడ్డ ఉన్నదాంట్లో ఎందుకు తక్కువ చూపిస్తుంది?"

"నీళ్ళు ఆవిరి అవుతా బుడ్డిలో వేడిని తీసుకోని పోతాండాయి కదా మిస్. గాలి ఎండితే ఇంకా జాస్తి పోతాది, రెండిటికీ తేడా పెరుగుతాది."

నేను పంపిన వీడియోలో ఉన్నది సరిగ్గా ఇదే. నాకు నిజంగా సిగ్గేసింది. ఆ పిల్లను కసిరింది గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టాబ్లెట్ ఆమెకే ఇచ్చాను, చూడ్డానికి కాదు, చూపించడానికి. సోమవారం మా తరగతి తెర మీద నాగవేణి వీడియో కాల్‌లో కనబడింది. రెండు థర్మామీటర్లూ దగ్గరగా చూపిస్తూ తన తెలుగులోనే చెప్పుకుంటూ పోయింది. నేను పక్కన నిలబడి పరీక్షలో రాయాల్సిన కన్నడ మాటలు బోర్డు మీద రాశాను, అంతే. ముప్పై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ప్రశ్నలడిగారు. అన్నిటికీ జవాబిచ్చింది. ఒకదానికి మాత్రం "తెలీదు, మిస్‌ని అడిగి సెప్తా" అంది. మల్బరీ ఆకు బుట్టతో వెనక వచ్చిన వెంకటలక్ష్మమ్మ అక్కడే ఆగిపోయింది.

"వీళ్ళంతా మా పాపని అడుగుతాండారా?"

"అవునమ్మా. ఈ రోజు పాఠం చెప్పేది మీ పాపే."

ఆమె కూతురి చేతిలోని టాబ్లెట్ తాను పట్టుకుని, పాపను థర్మామీటర్ల పక్కన నిలబెట్టింది.

ఆ ఏడాదంతా పంట రోజుల్లో బడి ఇలాగే ఆ ఇంటికి వెళ్ళొచ్చింది. నాగవేణి పదో తరగతిలో చేరింది. మరుసటి జనవరిలో వెంకటలక్ష్మమ్మ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి పిలిచింది. చదువు మానిపించడానికే వచ్చిందనుకున్నాను.

"మార్చిలో పెద్ద పరీక్ష అంట కదమ్మా. ఆ నెల మేము పురుగు పెట్టడంల్యా. పాప కూర్సోని సదువుకోనీ."

మార్చిలో ఒక పంట వదులుకోవడం అంటే ఆ ఇంటికి ఏమిటో నాకు తెలుసు. ఆమె చేతులు పట్టుకున్నాను. నాగవేణి ఇప్పుడు చింతామణిలో పీయూసీ, అంటే ఇంటర్మీడియట్, సైన్సు చదువుతోంది. నేను మాత్రం ఇప్పుడు ఏ పిల్లకైనా వీడియో పంపేముందు, నీకు తెలిసిన పని ఏదైనా నాకు చూపించమని అడుగుతున్నాను.