దానియేలన్న పేరు కింద నా వేళ్ళు

ముందే చెప్పేస్తున్నాను. నేను కోతలు కోస్తాను. మా ద్వీపంలో, ప్రోతరాపూర్‌లో నా గురించి ఎవరినడిగినా ఇదే మాట అంటారు. వాడు జానెడు చేపను పడితే చాథం రేవు దాటేసరికి అది సొరచేప అవుతుంది, బస్సు దిగేసరికి తిమింగలం అవుతుంది, ఇంటి గుమ్మం ఎక్కేసరికి దాని వీపు మీద లైట్‌హౌస్ లేస్తుంది. అబద్ధమేమీ కాదు. చిన్నదాన్ని చిన్నగా చెప్పడం నాకు చేతకాదు. కాబట్టి ఇందులో కూడా ఎక్కడో ఒక కోత ఉంటుంది. ఎక్కడుందో చివర్లో నేనే చెబుతాను.

కానీ మోస్తున్న బరువు మాత్రం కోత కాదు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. మూటలు మోసేవాడికైనా రేవు వస్తే బరువు దిగుతుంది. నాకు ఆ రేవు రాలేదు. వచ్చిందేమో, నేనే దిగలేదేమో. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

దానియేలన్నది హోప్ టౌన్, మాకు నీళ్ళ అవతలి ఒడ్డు, పడవలో వెళ్ళాలి. మా నాన్నలాగే వాళ్ళ నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడే. కుర్రతనంలో దానియేలన్న మళ్ళీ ఓడెక్కి కలకత్తా పోయాడు, పని వెతుక్కుంటానని. దొరికిన పని గిటారు. హోటల్ బ్యాండులో మొదలుపెట్టి స్టూడియోల్లోకి వెళ్ళాడు. అక్కడ రికార్డు పాడేవాళ్ళ పేరు మీద వస్తుంది. వెనక కూర్చుని వాయించేవాళ్ళను పూటకి పిలుస్తారు, పని అయ్యాక పంపేస్తారు. జాజ్, పాప్, గుండె చించుకుని పాడే సోల్, ఎన్ని ఆల్బముల్లో వాయించాడో ఆయనకే గుర్తులేదు. నా లెక్కలో ఓ లక్ష. ఒక్క అట్ట మీదా ఆయన పేరు లేదు.

ద్వీపానికి తిరిగొచ్చినప్పుడు ఆ రికార్డులు ఒక పెట్టెడు తెచ్చుకున్నాడు. ఒకరోజు నాకు ఒకటి వినిపించాడు. ఎవరో ఆడమనిషి పాడుతోంది. చుట్టూ బాకాలు, డ్రమ్ములు, పెళ్ళి ఊరేగింపంత హడావుడి. ఇందులో నువ్వెక్కడన్నా అన్నాను. ఆగమన్నట్టు వేలు చూపించాడు. పాట సగం దాటింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి లిప్తపాటు ఆగింది. ఆ సందులో రెండు స్వరాలు పడ్డాయి. రెండే. పడి, పక్కకు తప్పుకున్నాయి. అప్పటిదాకా ఆ గదిలో చీకటిగా ఉందన్న సంగతి, దీపం వెలిగాకనే నాకు తెలిసింది. ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ కూర్చోలేదు.

మరి అంత మనిషిని నేనేం చేశాను?

మా చర్చి సంఘం వాళ్ళు తెలుగు కీర్తనలతో ఒక క్యాసెట్ తీద్దామనుకున్నారు. రికార్డింగ్ మెషిన్ నా దగ్గర ఉంది. గుడిలో ఏళ్ళ తరబడి గిటారు వాయించేవాణ్ణీ నేనే. మా ఇంటి వెనక గదిలో గోడలకు పరుపులు వేలాడగట్టి దాన్నే స్టూడియో అన్నాను. రేకుల కప్పు, వాన మొదలైతే పని ఆపాల్సిందే. మా ఊళ్ళో వాన మొదలవడమంటే తెలుసు కదా, ఆకాశానికి కుళాయి కట్టడం మరిచిపోతారు.

మెషిన్‌లో టేపు మీద నాలుగు వరసలు, ట్రాకులంటారే, అవి. గొంతుకొకటి, హార్మోనియానికొకటి, తబలాకొకటి, గిటారుకొకటి. ఒక వరస మీద కొత్తగా వాయిస్తే పాతది చెరిగిపోతుంది. మళ్ళీ రాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు ఆరోజూ బాగానే గుర్తుంది.

పాడింది దానియేలన్న భార్య, మార్తమ్మ వదిన. పొద్దున్నే వచ్చి పాడేసి, ఇంట్లో పనుందని పడవకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దానియేలన్న వచ్చాడు, ఈ క్యాసెట్‌కి గిటారు ఆయన్నే వాయించమన్నారు. గదిలో ఆయన, నేను, మెషిన్. అంతే.

ఆయన గిటారు ముట్టుకోలేదు. పాట వేయించుకుని విన్నాడు, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని. మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ. నాకు విసుగొచ్చి, "పాట నీకు రాదా అన్నా, చిన్నప్పట్నించీ పాడేదేగా" అన్నాను.

"పాట కాదురా తమ్ముడూ. మీ వదిన ఊపిరెక్కడ తీత్తందో అది వినాల. పాట అందరూ వింతారు."

మోత తగ్గడానికి జేబురుమాలు మడిచి తీగల కింద, చివర్న దూర్చాడు. ఇక వాయిస్తానన్నాడు. రికార్డు చేసే ఎర్ర బొత్తాం నొక్కాను.

దాన్ని చెప్పడానికి నా దగ్గరున్న కోతలన్నీ చాలవు. సముద్రం ఆగిపోయిందనొచ్చు. ఫీనిక్స్ బేలో ఓడలన్నీ చెవులు రిక్కించాయనొచ్చు. మా కోడిపుంజు కూత మధ్యలో మానేసి పశ్చాత్తాపపడిందనొచ్చు. కానీ జరిగింది ఇంకా పెద్దది, ఇంకా నిశ్శబ్దమైనది. వదిన పాడుతున్నంతసేపూ ఆయన చెయ్యి మోకాలి మీదే ఉంది. ఆమె ఊపిరి తీసుకున్నచోట మాత్రం ఒక స్వరం. ఇంకోచోట రెండు. ఒక చరణం మొత్తం ఏమీ లేదు, చివర్న ఒక్క తీగ, అదీ వినీ వినపడనట్టు. వంట చేసుకుంటూ ఆమె గుమ్మంలోకి వచ్చి ఏదో అడిగితే, ఈయన తల తిప్పి ఊఁ అన్నట్టు. ఒక కాపురం మొత్తం వినపడింది నాకు. అది కీర్తన అన్న సంగతే మరిచిపోయాను. ఆ తర్వాత అది మాత్రమే కీర్తన అనిపించింది.

వాయించడం అయింది, గిటారు పెట్టెలో పెట్టేశాడు. ఒకసారి వింటావా అన్నాను.

"వాయించినోడు వినకూడదురా. స్టూడియోల్లో మాకు వినిపించేవోరు కాదు. అలవాటు తప్పిపోనాది. వినడం నీ పని."

వెళ్ళిపోయాడు. వాన మొదలైంది.

అంటే ఆ వాయిద్యాన్ని టేపు మీద విన్నది ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. వదిన వినలేదు. వాయించినవాడూ వినలేదు. ఆ ఒక్క సాక్షిగా దేవుడు ఎవరిని ఎంచుకున్నాడో చూడండి! ఊళ్ళో ఎవడూ నమ్మని కోతలరాయుణ్ణి.

ఆ సాయంత్రం వాన వెలిసేదాకా అదే వింటూ కూర్చున్నాను. మొదట ఆశ్చర్యం. తర్వాత ఇంకా ఆశ్చర్యం. ఆ తర్వాత వచ్చినదాని పేరేమిటి? సంఘ పెద్దలెవరో గిటారు వినపడ్డం లేదన్నారని రాద్దామని ఇప్పుడు కూడా కలం లాగుతోంది. ఎవరూ అనలేదు. ఎవరికీ ఇంకా వినిపించనేలేదు. ఆ ఖాళీలన్నీ నన్నే చూస్తున్నట్టుండేవి. ఇన్నేళ్ళూ గుడిలో నువ్వు నింపినదంతా ఏమిట్రా అని అడుగుతున్నట్టు. ఖాళీ కనపడితే నింపకుండా ఉండలేనివాణ్ణి నేను, మాటల్లోనూ అంతే, తీగల మీదా అంతే. గిటారు తీశాను. సాధన కోసమే అనుకున్నాను. సాధనకి ఎర్ర బొత్తాం ఎందుకు నొక్కాను? చెయ్యి జారలేదు. ఏ వరస మీద నొక్కుతున్నానో తెలిసే నొక్కాను.

జల్లులు, జలపాతాలు, వేళ్ళ విన్యాసాలు. వదిన ఊపిరి తీసుకునే చోటు ఒక్కటి కూడా మిగల్చలేదు.

ఆయన వాయించింది పోయింది.

మరి అట్ట మీద నా పేరు వేసుకున్నానా? అదీ లేదు. దానియేలన్న వాయించాడని అందరికీ తెలుసు కదా, నా పేరు వేస్తే ఎందుకని అడుగుతారు. కాబట్టి 'గిటారు: దానియేలు' అనే వేశారు. అన్ని రికార్డుల్లో వాయించిన మనిషి పేరు జీవితంలో మొదటిసారి అచ్చయింది. ఆయన వాయించనిదాని మీద.

క్యాసెట్ ఇవ్వడానికి హోప్ టౌన్ వెళ్ళాను. మార్తమ్మ వదిన ఆ అట్టను కొంగుతో తుడిచి, వేలు పెట్టి పేరు చదివి, పక్కింటివాళ్ళను పిలుచుకొచ్చింది. "సూడండి, మా ఆయన పేరు పడ్నాది!" క్యాసెట్ పెట్టారు. దానియేలన్న పాటంతా విన్నాడు. విని, నావైపు తిరిగి నవ్వి, "ఏట్రా, ఈ టేపులో నాకు పన్నెండు వేళ్ళున్నాయి!" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన మొహం వెలిగిపోతుంటే ఇంకేమీ అనకుండా ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఆయన గిటారు పెట్టె తెరవలేదు. వయసు మీద పడిందన్నారు ఊళ్ళో. అవునవునని నేనూ తలూపాను.

ఆయన పోయినరోజు గుడిలో ఆ పాట వేశారు. ఎంత బాగా వాయించేవాడో అని ఏడ్చారు. నా జలపాతాల్లో వాళ్ళ కన్నీళ్ళు కలిశాయి. ముందు బల్ల మీదే కూర్చున్నాను. లేచి చెప్పొచ్చు. లేవలేదు.

ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆయన మనవరాలు షారోన్ గిటారు నేర్చుకుంటోంది. మొన్న ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది, ఆ పాట అందులో ఎక్కించుకుని. "అంకుల్, తాత ఈ పీస్ కైసే బజాయే? ఇత్‌నా ఫాస్ట్! నా వేళ్ళు అస్సలు తిరగట్లేదు." తాత అంత వేగంగా ఎలా వాయించాడో నేర్పమంది. వాళ్ళ తాత గొప్పతనమని, నేను చేసిన గోలను వేళ్ళు కాయలు కాచేలా సాధన చేస్తోంది ఆ పిల్ల. రేపు తన పిల్లలకూ అదే నేర్పుతుంది.

షారోన్‌కి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అందుకేనా నేనిది తెలుగులో రాస్తున్నది? కావచ్చు. అంత పిరికివాణ్ణి నేను. కానీ మార్తమ్మ వదినకి చదవడం వచ్చు. రోజూ బైబిలు చదివే ఆ కళ్ళద్దాలతోనే ఇదీ చదువుతుంది. ముందు ఆమె చేతికే ఇస్తాను. ఆమె ఏమంటుందో నాకు తెలియదు. క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు లేడు.

ఇక కోత ఎక్కడుందో చెప్పాలి. తిమింగలం, లక్ష ఆల్బములు, కోడిపుంజు, అవి మీకు ఎలాగూ తెలుసు.

పన్నెండు వేళ్ళ మాట నేను కల్పించింది. ఆయన అనలేదు. ఆయనకు తెలిసిపోయిందనీ, తెలిసి నవ్వి ఊరుకున్నాడనీ నాకు నేను చెప్పుకోవడానికి కట్టుకున్న కథ. ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, ఆ నవ్వు నిజంగా చూసినట్టే ఉంటుంది.

నవ్వలేదు. పాట అయిపోయేదాకా విన్నాడు. పక్కింటివాళ్ళ సందట్లో నా దగ్గరికి జరిగి, నాకొక్కడికే వినపడేలా అడిగాడు.

"తమ్ముడూ, ఇది నేనేనా?"

"నువ్వేనన్నా."

తన చేతుల వైపు చూసుకున్నాడు, రెండువైపులా తిప్పి. "అయితే చెయ్యి పాడైపోనాదిరా," అన్నాడు.

పాడవలేదన్నా. ఆ వేళ్ళు నీవి కావు. నావి.