మా బాస్కెట్‌బాల్ టీమ్‌కి పట్టిన వాస్తు

విజయవాడలో పుట్టిన మా అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ రెండేళ్లలో మూడు ఊళ్లు తిరిగింది. ఓనరుగారు స్థలాల వ్యాపారి. చిన్నపాటి లీగులో సరదాగా ఒక టీమ్ కొనుక్కున్నారు. ప్లాట్లు ఎక్కడ అమ్ముడుపోవాలో అక్కడ మేము ఆడాలి. బంతి పట్టుకున్న ఫ్లెక్సీలమన్నమాట.

మొదట హనుమాన్ జంక్షన్ దగ్గర వెంచర్ వేశారు. వెంటనే మేము ఆ ఊరి ముద్దుబిడ్డలమైపోయాం. జెర్సీల మీద విజయవాడ అన్నచోట కొత్త ఊరి స్టిక్కర్ అంటించారు. చెమట పట్టగానే అది ఊడేది. ఆట సగమయ్యేసరికి టీమ్‌లో కొందరం బెజవాడ వాళ్లం, కొందరం జంక్షన్ వాళ్లం.

మా అమ్మ లేకపోతే ఇదంతా నాకు నవ్వులాటే. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగులో చేరకుండా బంతి కొడుతూ తిరుగుతున్నానని ఆవిడ బాధ. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఒక్క మ్యాచ్ తను కళ్లారా చూస్తుంది. నాకు ఆట వచ్చని నమ్మకం కుదిరితే సరే, లేదంటే నోరు మూసుకుని కోచింగుకి వెళ్లాలి.

పాపం, రెండుసార్లు డ్యూటీ మార్పించుకుంది. మొదటిసారి ఆవిడ జంక్షన్ బస్సెక్కాక వాట్సాప్‌లో కబురొచ్చింది, వెంచర్‌లో పూజ ఉంది కాబట్టి మ్యాచ్ విజయవాడలోనే అని. రెండోసారి ఆవిడ జంక్షన్‌లో దిగేసరికి మా కోర్టులో ఎవరిదో రిసెప్షన్‌కి షామియానా వేస్తున్నారు. మ్యాచ్ రద్దయింది, మేము ఆ పొద్దున్నే మంగళగిరి వాళ్లమైపోయాం. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది, అసలు టీమ్ అనేది ఉందా, లేక సినిమాలకి తిరుగుతున్నావా అని. నాకు ఒళ్లు మండిపోయింది, ఆవిడ మీద కాదు.

మంగళగిరికి ఎందుకు మారామంటే, వరసగా ఓడిపోతున్నాం కాబట్టి. ప్రాక్టీసు చాలడం లేదని కోచ్‌గారు అన్నారు. ఓనరుగారు అది కొట్టిపారేసి వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఎక్కడైనా ఆరుబయట కోర్టు ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, ఎండ ఆటగాళ్ల కళ్లలో పడకుండా. సిద్ధాంతిగారు దక్షిణం వైపు బుట్ట చూసి, అది యమస్థానం, ఆడపిల్లలు అటు బంతి వెయ్యడమేమిటని నొచ్చుకున్నారు. దాంతో మంగళగిరిలో కోర్టు తూర్పు పడమరలుగా లేచింది. కోచ్‌గారు ఎండ సంగతి ఎత్తబోతే, సూర్యభగవానుడు ఎదురుంటే మంచిదే కదండీ అన్నారట ఓనరుగారు.

ఆ కోర్టులో మొదటి మ్యాచ్‌కి అమ్మ వచ్చింది. సాయంత్రం ఆట. మొదటి సగం మేము తూర్పు బుట్టకి వేశాం, ఎండ వీపున ఉంది. చెప్పుకోకూడదు గానీ, ఇరగదీశాను. రెండో సగంలో వైపులు మారి పడమటి బుట్ట మా వంతుకొచ్చింది. సూర్యభగవానుడు సరిగ్గా దాని బోర్డు పక్కకి దిగాడు.

చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నాకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి, ఎవరూ అడ్డు రాకుండా వెయ్యొచ్చు, ఒక్కోదానికి ఒక పాయింటు. గీత దగ్గర నిలబడి తలెత్తితే ఎర్రటి వెలుగు తప్ప ఏమీ లేదు. బుట్ట ఎక్కడుండాలో గుర్తు చేసుకుని వేశాను. రెండూ పోయాయి. మ్యాచ్ పోయింది. దాంతోపాటు నా ఆట కూడా పోయిందనుకున్నాను.

ఓనరుగారు మైకు అందుకుని, దోషం ఈశాన్యంలో ఉన్నట్టు తేలిందనీ, టీమ్‌ని త్వరలో ఇంకో ఊరికి మారుస్తున్నామనీ ప్రకటించారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను తల వంచుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ నా గడ్డం పట్టుకుని తలెత్తించింది. నర్సు కదా, కింది రెప్ప లాగి మరీ కళ్లు చూసింది.

"అసలు ఆ బుట్ట కనపడిందా నీకు?" అంది.

"లేదమ్మా."

"కనపడినంతసేపూ బానే వేశావుగా. ఇది టీమ్ కాదే. ముందు వేరే టీమ్ ఏదన్నా చూసుకో. కోచింగు సంగతి తర్వాత చూద్దాం."

మ్యాచ్ పోయినప్పుడు ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను.