మొదటి ఏడాది పూలు

మా అక్క నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి. పాత బట్టలు సరిచేయడం తన పని. పొడుగు ప్యాంటు పొట్టి చేస్తుంది, చెడిపోయిన జిప్పు మారుస్తుంది, అరిగిన కాలర్ విప్పి తిరగేసి కుడుతుంది. పోయినవాళ్ళ కోట్లు తెచ్చి, ఉన్నవాళ్ళ కొలతకి తగ్గించమని అడిగేవాళ్ళూ వస్తారు. సూదులు పెట్టుకున్న మనిషి మధ్యలో మాట్లాడదు కాబట్టి అందరూ తమ గోడు అక్క దగ్గర వెళ్ళబోసుకుని పోతారు. నా సంగతి వేరు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో పేరు. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. లోపల ఏముందో చూడందే ఊరుకోలేని బుద్ధి నాకు పుట్టుకతోనే ఉంది, ఉద్యోగం తర్వాత దొరికింది.

బావ తలుపులు బిగించే వడ్రంగి. వీధిలో అందరూ కొలతల మేస్త్రీ అనేవారు. ఉల్లిపాయ తరిగినా టేపు పెట్టే రకమని నేను ఏడిపిస్తే, "ఎన్నో తలుపులు బిగించాను గానీ, నీ నోటికి బిగించడం మాత్రం నా వల్ల కాలేదు మరదలా" అనేవాడు.

కిందటేడాది చలికాలం చివర్లో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే నాలుగు తలుపులు తెచ్చి, వాటి చెక్కలతో పెరట్లో మూడు ఎత్తుమడులు కట్టాడు. ఎత్తు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి వాళ్ళమ్మని, అంటే అత్తయ్యని, పీట మీద కూర్చోబెట్టి మోచేతి దాకా కొలిచాడు. అత్తయ్య మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. వాటి ఎక్స్‌రే తీసింది నేనే. ఆవిడ వంగకుండా, కూర్చుని చేయి చాపితే మొక్క అందాలని బావ ఉద్దేశం. ఒక చెక్కలో తాళం బెజ్జం అలాగే ఉండిపోయింది. పూడ్చవేం అని అడిగితే, "ఉండనీ, ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఒక దారి ఉండాలిగా" అన్నాడు.

మట్టీ, బాగా మాగిన పశువుల ఎరువూ కలిపి నింపాడు. మడికి ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు స్ట్రాబెర్రీ మొక్కలు నాటాడు. మొక్క మొదలు మట్టిలో మునగకూడదు, వేళ్ళు పైకి తేలకూడదు. ఆ మధ్య కొలత దొరికేదాకా ఒక్కొక్క మొక్కనీ రెండు మూడుసార్లు తీసి పెట్టాడు. కొన్నాళ్ళకి తెల్లగా పూలు వచ్చాయి. అక్క మురిసిపోయింది. బావ వాటిని గోటితో గిల్లేశాడు.

"మొదటి ఏడాది పువ్వు ఉంచకూడదు," అన్నాడు. "ఉంచితే బలమంతా పండుకే పోతుంది. ముందు వేళ్ళు ఊననీ. వచ్చే ఏడాది తిందాం. మొదటి పండు నీకే."

అప్పట్నించి పొద్దున్నే తల్లీ కొడుకులు పీటలు వేసుకుని కూర్చుని పూలు గిల్లేవాళ్ళు. గిల్లిన పూలని బావ మడి అంచున చెక్క మీద వరసగా, సమానమైన ఎడంతో పెట్టేవాడు. మనిషికి అదో పిచ్చి. అలా ఓ పది రోజులు గిల్లాడు.

తర్వాత ఒకరోజు ఎవరింట్లోనో కొత్త తలుపు బిగించాడు. రెండుసార్లు తెరిచి మూసి చూశాడు. "సరిగ్గా కూర్చుంది" అని ఇంటివాళ్ళతో చెప్పి, కాస్త ఆయాసంగా ఉందంటూ మెట్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఆ ఏడాది మిగతా పూలన్నీ అక్కే గిల్లింది. ఏడుస్తూ గిల్లేది, చెత్తకుప్పలో పారేసేది. అత్తయ్య పెరట్లోకి రావడం మానేసింది. వెనక నాలుగు మెట్లు దిగడం తన వల్ల కాదని చెప్పింది. మేమూ నమ్మాం.

ఈ ఏడాది పూలకాలానికి నేను పది రోజులు సెలవు పెట్టి వచ్చాను. వంటింట్లో అడుగుపెట్టగానే చీకటిగా అనిపించింది. పెరటివైపు కిటికీకి మందపాటి తెర వేలాడుతోంది, అస్తరు కూడా వేసి రెండు పొరలుగా కుట్టింది.

"ఇదేంటే, వంటింటికి కోటు తొడిగావు?" అన్నాను.

అక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి పెట్టుకుంది. అంటే పెద్ద సంగతే ఉందన్నమాట.

"రోజూ సాయంత్రం పూలు లెక్క చూసుకుంటాను. పొద్దున లేచేసరికి ఒక్కటీ ఉండదు. గోటితో గిల్లినట్టు, కాడ సగానికి. పూలేమో చెక్క అంచు మీద వరసగా ఉంటాయి. మీ బావ పెట్టినట్టే."

"పిట్టలేమో."

"పిట్టలు వరస పెడతాయా?"

నేను తెర ఎత్తబోతే అక్క చేయి అడ్డం పెట్టింది.

"తెల్లారగట్ల తలుపు గడియ చప్పుడవుతుంది," అంది అక్క. "తర్వాత మెట్లమీద అడుగులు. చూస్తే రాడేమోనని తెర కుట్టాను."

నాకు ఒళ్ళు మండింది. అక్కని నిలబెట్టి కడిగేశాను. పూలన్నీ ఇలా పోతే ఈ ఏడు కూడా పండు రాదు, బావ నీకిస్తానన్న పండు నీ నోటిదాకా రాదు, ఇదేం వెర్రి అన్నాను. అక్క నిదానంగా విని, "తెలుసు. పండు కావాలంటే ఆయన రాకూడదు. ఆయన రావాలంటే పండు ఉండకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి" అని మళ్ళీ సూదులు నోట్లో పెట్టేసుకుంది. నా మాట చెవిన వేసుకోలేదని అర్థమైంది.

మర్నాడు నేను చీకటితోనే లేచి వంటింట్లో నిలబడ్డాను. గడియ చప్పుడైంది. మెట్లమీద అడుగు, కాసేపు ఆగడం, మళ్ళీ అడుగు. దయ్యాలూ లేవు గియ్యాలూ లేవని పదిమందికి చెప్పేదాన్ని, నా చేయి తెరదాకా పోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఒక మూల ఎత్తి చూశాను.

మంచులో బావ కోటు కనిపించింది. పనికి వేసుకెళ్ళే ముదురు నీలం కోటు, మోచేతుల దగ్గర అతుకులు. మడి పక్కన కూర్చుని ఉంది. కోటు కొంచెం తిరిగింది. వెనక తెల్లటి సన్న జడ వేలాడుతోంది.

అందరి కోట్లూ తగ్గించే మా అక్క ఆ ఒక్క కోటు మీద మాత్రం కత్తెర పెట్టలేదు. వెనక తలుపుకి తగిలించి ఉంచింది. దాన్ని వేసుకుని అత్తయ్య ఇరవై నాలుగు మొక్కలూ వెతికి వెతికి గిల్లుతోంది.

చెప్పుల్లేకుండానే పెరట్లోకి పరిగెత్తాను. ఆవిడ నన్ను చూసి అదిరిపడింది, పూలున్న గుప్పిలి కోటు జేబులో దాచుకుంది.

"అత్తయ్యా, ఇదేంటి? ఆ మోకాళ్ళతో మెట్లెలా దిగారు?"

"గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి దిగుతున్నానులే. అరవకే తల్లీ. మీ అక్కకి చెప్పకు."

"మొదటి ఏడాది అయిపోయింది కదా. ఇప్పుడు పూలు ఉంచాలి."

"నాకు తెలీదా? నాకేం మతి పోలేదు." ఆవిడ నావైపు చూడకుండా ఒక పువ్వు తీసి చెక్క మీద పెట్టింది, దాని పక్కన ఇంకోటి. "వాడు పోయాడనీ తెలుసు. వాడు నాకు చెప్పిన పని ఇదొక్కటే మిగిలిందమ్మా. పూలు ఉంచితే పళ్ళొస్తాయి. పళ్ళొస్తే వాడి మొదటి ఏడాది అయిపోతుంది. తర్వాత వాడు చెప్పింది నాకింకేం ఉంది?"

ఆవిడ పక్కనే మట్టిలో చతికిలబడ్డాను. అప్పుడు కంచెవైపు చెక్క నా కళ్ళకి ఎదురుగా వచ్చింది. తాళం బెజ్జంలోంచి సన్నటి కాడ ఒకటి బయటికి వచ్చి వేలాడుతోంది. దాని చివర చిన్న పచ్చికాయ. పీట మీద కూర్చున్న మనిషికి అది కనబడదు. అక్కడ ఉందని నేనూ చెప్పలేదు.

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు అత్తయ్య గోళ్ళు తీసేది అక్క. వరండాలో ఆవిడ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ తీసుకుంటోంది. కుడి బొటనవేలి దగ్గరికి వచ్చింది. గోటికింద ఆకుపచ్చగా పసరు పేరుకుని ఉంది. అక్క అగ్గిపుల్ల తీసుకుని దాన్ని మెల్లగా, నొప్పి తగలకుండా శుభ్రం చేసింది. చేస్తూ తలెత్తి నావైపు చూసింది. ఆ చూపుతోనే నన్ను ఊరుకోమంది.

వంటింట్లో పట్టుకుని అడిగాను. "నీకు తెలుసా?"

"గోళ్ళు తీసేది నేనైతే నాకు తెలీదా?"

"మరి బావ వస్తున్నాడని ఎందుకన్నావే?"

అక్క ఆ తెర అంచుని వేళ్ళతో నలిపింది.

"పొద్దున్నే మెలకువ వస్తుంది. పక్క ఖాళీ. అప్పుడు గడియ తీసిన చప్పుడవుతుంది. ఆయన కోటు గోడకి రాసుకుంటూ దిగుతుంది. ఆ పావుగంటా ఆయన పెరట్లో ఉన్నాడు. తెర తీస్తే అత్తయ్య. తీయకపోతే ఆయన. తెలిసే అనుకుంటున్నానే. నువ్వు ఫోటోలు తీసేదానివి, నీకు లోపలిది కావాలి. నాకు వద్దు."

నాకు ఏడుపు వచ్చింది. అక్క మీద కోపం కూడా పోలేదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు దాచుకుంటూ ఆ మూడు మడుల దగ్గరే ఉండిపోతారేమో, నేను వచ్చిన ప్రతిసారీ ఈ ఇంట్లో అదే పూలకాలం, అదే పొద్దున్న ఉంటుందేమోనని భయం వేసింది. అందుకే నోరు ఆపుకోలేకపోయాను. "ఒక కాయ మిగిలింది," అన్నాను.

అక్క వెళ్ళి చూసింది. కోయలేదు, అత్తయ్యకి చెప్పలేదు. రోజుకి నాలుగుసార్లు బట్టలు ఆరేసే నెపంతో కంచెవైపు వెళ్ళొచ్చేది. కాయ తెల్లబడింది. ఒక చెంప ఎరుపెక్కింది. పిట్టల భయానికి పాత జేబు గుడ్డ ఒకటి దానికి సంచిలా కట్టింది. పొద్దున్నే అత్తయ్య పూలు గిల్లుతూనే ఉంది. నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను.

నా సెలవు ఇంకొక్క రోజు ఉందనగా అక్క అత్తయ్య చేయి పట్టుకుని, మధ్యాహ్నం వెలుగులో, నాలుగు మెట్లూ దింపింది. పీటని కంచెవైపు వేసి కూర్చోబెట్టి ఆ గుడ్డ సంచి విప్పింది. నిండా ఎర్రగా, బొటనవేలంత పండు, బావ పూడ్చకుండా వదిలిన బెజ్జంలోంచి వేలాడుతోంది.

అత్తయ్య చేయి అలవాటుగా ముందుకు వెళ్ళింది. గోరు కాడని తాకి ఆగిపోయింది.

"దీన్ని వాడు... గిల్లలేదేమే?"

"మర్చిపోయాడేమో అత్తయ్యా," అంది అక్క.

"వాడు మర్చిపోడు. వాడికి కొలత తప్పదు." ఆవిడ అక్క మొహంలోకి చూసింది. అక్క కూడా చూపు తిప్పుకోలేదు. అంతా బయటపడిందని ఇద్దరికీ అర్థమైంది. "నీకిస్తానన్నాడు కదూ," అంది అత్తయ్య చివరికి. "నీదే. కోసుకో."

అక్క కోసింది. దారాలు కత్తిరించే చిన్న కత్తెరతో రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అత్తయ్య నోట్లో పెట్టింది. ఆవిడ చాలాసేపు నమిలింది. "పులుపు," అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "పుల్లగా ఉందే తల్లీ."

మర్నాడు నేను బయల్దేరాలి. చీకటితోనే లేచి వంటింట్లోకి వెళితే అక్క అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. ఇద్దరం గడియ చప్పుడు కోసం చెవులొగ్గి కూర్చున్నాం. పక్కగదిలో అత్తయ్య అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు వినబడింది. లేవలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. వెనక తలుపుకి కోటు తగిలించినట్టే ఉంది.

బాగా తెల్లవారాక అక్క లేచి తెర పక్కకి లాగింది. మూడు మడుల నిండా తెల్లగా పూలు. ఒక్కటీ గిల్లి లేదు. చెక్క అంచు మీద ఏమీ లేదు. నేను కోరుకున్నది అదే.

"రాలేదే," అంది అక్క. కిటికీ చువ్వ పట్టుకుని, బావ పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.