లామినేషన్ చేసిన చీటీ

మా తమ్ముడు రవికాంత్‌కి అమీర్‌పేటలో జిరాక్స్ షాపుండేది. జావా కోర్సు నోట్సులకి, డిగ్రీ సర్టిఫికెట్లకి కాపీలు తీసేవాడు. కుర్రాళ్లు ఒరిజినల్‌ని మిషన్ అద్దం మీదే వదిలేసి పోతుంటే వెనక నుంచి పిలిచి ఇచ్చేవాడు. "నాలుగేళ్ల చదువు ఇక్కడ పారేసి ఇంటర్వ్యూకి ఏం పట్టుకెళ్తావయ్యా?" అనేవాడు.

2004లో పంజాగుట్ట చౌరస్తాలో బైకు మీంచి పడ్డాడు. నడుం దెబ్బతింది. దగ్గర్లోని ఒక డాక్టరు నొప్పికి మాత్రలు రాశాడు గాని ఎన్ని రోజులో రాయలేదు. నొప్పి ఉన్నప్పుడల్లా వేసుకోమన్నాడట. చీటీ నలిగిపోతోందని వీడు లామినేషన్ చేసుకున్నాడు. రెండేళ్లు అదే చూపించి కొన్నాడు. ఏ మందుల షాపువాళ్లూ తేదీ చూడలేదు. నడుం బాగైంది. మాత్ర పడకపోతే మాత్రం చేతులు వణికేవి.

పక్కన టీకొట్టు మొగిలయ్య ఒకరోజు నాతో అన్నాడు. "జర తమ్మున్ని చూస్కో అక్కా. కూసున్నకాడ్నే నిద్రపోతుండు. నిన్న చాయ్ సుత మీద పోసుకున్నడు."

డాక్టర్ ఉదయలక్ష్మి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ తిట్టలేదు. ఆ చీటీ మీద 'ఇకపై ఇవ్వరాదు' అని రాయబోతే ప్లాస్టిక్ మీద పెన్ను సాగలేదు. కత్తెర తీసుకుని ముక్కలు చేశారు. వారం వారం మోతాదు తగ్గేలా కొత్తది రాసి, మాత్రల సంఖ్య అక్షరాల్లో వేశారు. ఒకే షాపులో కొనమన్నారు. మాత్రలు నా దగ్గరే ఉంచి, ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించమన్నారు.

"ఇంకో కాపీ ఏమైనా ఉందా?" అని వాణ్ని అడిగారు.

"లేదండీ, అదొక్కటే," అని నేనే చెప్పాను. వాడు తల దించుకున్నాడు. వాడి పనే కాపీలు తీయడమని ఆ క్షణాన నాకు తట్టలేదు.

తొమ్మిది వారాలు ఖాళీ స్ట్రిప్పుల లెక్క సరిపోయింది. ఆవిడ మాత్రం సంతోషించలేదు. ఇంత తగ్గించినా మనిషిలో ఏ ఇబ్బందీ కనపడకపోవడమే అనుమానంగా ఉందని, సోమవారం మూత్రపరీక్ష చేయిద్దామని అన్నారు.

శనివారం పొద్దున మొగిలయ్య చాయ్ తెచ్చేసరికి వాడు కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. రోజూ ఉండేదే అనుకుని గ్లాసు పెట్టి వెళ్లాడు. పదకొండింటికి మళ్లీ వస్తే చాయ్ మీద మీగడ కట్టి ఉంది.

షాపు ఖాళీ చేసేనాడు మిషన్ మూత ఎత్తాను. అద్దం మీద కాగితం బోర్లా ఉంది. ఏ కుర్రాడిదో అనుకుని తిప్పాను. ఆ పాత చీటీకే కలర్ కాపీ. ఎన్ని రోజులో రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.