సుంకులక్క పూరించిన ఖాళీ

నంద్యాల పత్తి మిల్లులో పని దిగాక తోటి కూలీలకు నేను చదువు చెప్తాను. ఒంట్లో రోగాల మీద, వీధిలో మురికి మీద అర్జీలు రాయిస్తాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన సుంకులక్క తన మొగుడి గురించి రాసింది. పత్తి దుమ్ముకు నెత్తురు కక్కుతున్నాడు, ఆసుపత్రిలో చేర్చుకోండి అని. రోగి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలింది. పెండ్లాం తన నోట మొగుడి పేరు పలికినా, చేత్తో రాసినా అతని ఆయుష్షు తగ్గుతుందట.

"ఆ ఒక్కటి నువ్వు రాయప్పా. నాకు చెయ్యాడదు."

"ఇట్లాంటి పిచ్చి నమ్మకాలు నా కాడ కుదరవక్కా. నువ్వే రాయాల," అని కసిరి, అర్జీ నా దగ్గరే ఆపాను. వారం గడిచింది.

మూడు రోజులుగా కనబడని మనిషి ఈ సాయంత్రం వచ్చింది. కాగితం అడిగి తీసుకుని, ఖాళీలో "ఓబులేసు" అని గుండ్రంగా రాసింది.

"చూసినావా? రాస్తే ఏమన్నా అయిందా?" అన్నాను, గెలిచినవాడిలా.

"ఇంగేమైతాదిలేప్పా. మొన్ననే పూడ్చిపెట్టినాం."

ఆ పేరు నేను రాసిచ్చి ఉంటే కనీసం ఆసుపత్రి గడపన్నా తొక్కేవాడు. ఇది చదివిన మీకు నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. ఎదురు చెప్పను.